నాయనమ్మకు రాని జ్వరం

నా చిన్నప్పుడు, తాండూరు దగ్గర మాకున్న ఒక్క కంది చేను చేయిజారిపోవలసిందే. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పమని మనవరాళ్ళు ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు రాదు, పైగా గొంతు కాస్త పెద్దదవుతుంది. గొప్పలు పోతున్నానంటారు. పోతాను మరి. అలాంటి నాయనమ్మ ఉంటే మీరూ పోతారు.

మా తాతయ్య పోయిన తరువాత ఆ చేను తమదేనని మా పాలివాళ్ళు దావా వేశారు. తాండూరు కోర్టులో వాళ్ళే గెలిచారు. మా నాయన నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు కానీ, మా కడుపులు నిండింది ఆ చేనుతోనే. వికారాబాద్‌లో పై కోర్టుకు వెళ్దామని మా వకీలు సాబ్ ధైర్యం చెప్పారు. పెద్దమనిషి, ఆ చుట్టుపక్కల ఆయన మాటంటే మాటే. అంతటాయన దగ్గరే పొరపాటు జరిగింది. పై కోర్టుకు వెళ్ళే గడువును తీర్పు నకలు తయారైన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆయన కూతురి పెళ్ళి పనుల్లో పడి, తయారైన నకలును చాలా ఆలస్యంగా తెచ్చుకుని, అది తన చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టారు. తీరా వికారాబాద్‌లో కాగితాలు ఇవ్వబోతే, గడువు దాటిందని తిప్పి ఇచ్చేశారు.

కబురు అందగానే నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. స్టేషన్ల పేర్లు చదివి చెప్పడానికట. నిజానికి ఆమెకు కళ్ళు మూసుకున్నా ఏ ఊరో తెలిసేది. ధారూర్ దాటగానే కొంగు సర్దుకుని, మూట చంకన పెట్టుకుని, నేను చదవక ముందే లేచి నిలబడేది.

వికారాబాద్‌లో దిగి కలిస్తే, వకీలు సాబ్ ఏమీ దాచలేదు. "తప్పు నాదే అమ్మా, లెక్క తప్పిన" అన్నారు. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడుక్కోవచ్చట, కానీ ఎందుకు ఆలస్యమైందో ఒట్టేసి చెప్పాలట. ఆ మాట పూర్తికాకముందే పక్కనున్న గుమాస్తా అందుకున్నాడు. "ఫికర్ చెయ్యకు అవ్వా. జొరమొచ్చి మంచంల పడ్డవని రాస్తం. డాక్టర్ చీటీ నేను తెస్త. అందరు గట్లనే జేస్తరు."

వకీలు సాబ్ తల వంచుకున్నారు. అవ్వకు జ్వరమొస్తే ఆయన పరువు కూడా దక్కుతుంది కదా.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి ఏడూ కంది వేసే రోజు మొదటి పిడికెడు విత్తనం ఇంటి పెద్ద చేతి మీదుగా నేలలో పడాలి. తాతయ్య పోయాక ఆ చేయి నాయనమ్మది. ఆ పొద్దున ఆమె ఎవరినీ తిట్టేది కాదు, చాడీలు వినేది కాదు. మామూలు రోజుల్లో ఆమె నోటికి జడవని మనిషి ఊళ్ళో లేడు కాబట్టి, మా అందరికీ అదే అసలు పండుగ.

నాయనమ్మ తన అరచెయ్యి చూసుకుంది. "నాకు జొరం రాలే. అబద్ధపు ఒట్టు వెట్టిన చెయ్యితోని ఇత్తనం ఎట్ల చల్లుత?" అంది.

"చేనే లేకుంటె ఇత్తనం యాడ చల్లుతవవ్వా?" అని నవ్వాడు గుమాస్తా.

నాయనమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఎరుకలో అదొక్కసారే అలా జరిగింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అయినా ఆమె నా చెయ్యి పట్టుకుని లేచింది. అప్పుడు వకీలు సాబ్ తలెత్తారు.

"కూసో అమ్మా. ఉన్నదున్నట్టు రాద్దం. కోర్టుల నేనే ఒప్పుకుంట. గాని జడ్జి సాబ్ వద్దంటె చేను వోతది. అది గూడ ఇప్పుడే చెప్తున్న."

"వోతె వోనీ" అంది నాయనమ్మ. అంది గానీ, తిరుగు రైల్లో ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదలలేదు.

విచారణ రోజు అవతలి వకీలు గట్టిగానే వాదించాడు. వకీలు ఏమరుపాటుకు కోర్టు ఎందుకు కరగాలన్నాడు. మా వకీలు సాబ్ నిండు కోర్టులో, తన జూనియర్లు చూస్తుండగా లేచి, లెక్క తప్పింది తానేనని, శిక్ష వేస్తే తనకు వేయమని, ఈమె చేనుకు వేయవద్దని అన్నారు. చెమటకు ఆయన మెడలోని తెల్లపట్టీ తడిసిపోయింది.

జడ్జిగారు నాయనమ్మ వైపు చూశారు. ఆలస్యమైందంటే తన ముందుకొచ్చే ప్రతివాళ్ళకూ జ్వరమే వస్తుందట. "నీకెందుకు రాలేదమ్మా?" అని అడిగారు.

నాయనమ్మ చేతులు జోడించింది. "గట్టిగున్న సార్. ఏం జెయ్యాలె మరి?"

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు మాత్రం నవ్వాపుకున్నారు. వకీలు చేసిన పొరపాటుకు, దాంట్లో ఏ పాపమూ లేని మనిషి నష్టపోకూడదని చెప్పి ఆలస్యాన్ని మన్నించారు. అవతలివాళ్ళు ఊరికే తిరిగినందుకు ఖర్చులివ్వమన్నారు. వాటిని వకీలు సాబ్ తన జేబులోంచే ఇచ్చుకున్నారు.

బయటికొచ్చాక ఆయన, ఇక వేరే మంచి వకీలును చూసుకోమన్నారు. నాయనమ్మ కసురుకుంది. "ఇంకొకడు తప్పు జేసి దాస్తడు. నువ్వే ఉండు." ఆ పెద్దమనిషి రుమాలుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ తరువాత కేసు కొన్నేళ్ళు నడిచింది, చివరికి చేను మాకే దక్కింది. తాండూరులో అందరూ కోర్టు ఇచ్చిందన్నారు. నేను మాత్రం మా నాయనమ్మ ఇచ్చిందనే అంటాను, ఇప్పటికీ అంటాను.

ఆమె, నాయన పోయాక మా అమ్మ, అమ్మ పోయాక నేను. ఈ ఏడు వాన పడగానే మొదటి పిడికెడు కందులు నేనే వేశాను. మనవరాలు పక్కన నిలబడి, "చెయ్యి వణుకుతున్నది నానమ్మా" అంది. అవును, వణికింది. అది వయసు వణుకే బిడ్డా, ఇంకేం కాదు అని చెప్పాను. అబద్ధపు ఒట్టు ఎరగని చెయ్యి కాబట్టి, ఆ మాట తలెత్తుకుని చెప్పగలిగాను.