అన్నకు తొడిగిన కోటు

గద్వాలలో నేను పని నేర్చుకున్న స్టూడియోలో చచ్చినవాళ్లందరికీ ఒకటే కోటు. కంప్యూటర్లో ఉండే నీలం కోటు, ఎర్ర టై. బతికినన్నాళ్లు గొర్లు కాసిన ముసలాయనకైనా అదే, బొంబాయిలో మట్టి మోసినవాడికైనా అదే. మొఖం తెల్లగా చేసి, వెనక మంచుకొండలు పెట్టి, దండకు జాగా వదిలి ఫ్రేము కట్టేవాళ్లం. నాకు ఒళ్లు మండేది. మనిషిని ఉన్నది ఉన్నట్టు చూపించాలని నా పట్టు. "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మా ఓనరు నవ్వేవాడు.

నాగర్‌కర్నూల్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాక ఆ కోటును గడప తొక్కనియ్యలేదు. గిరాకీ పోతే పోనీ అనుకున్నాను. పని లేనప్పుడు కెమెరా తీసుకుని చేన్ల వెంట తిరిగేవాణ్ణి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే తీసేవాణ్ణి. మావాళ్లు బతికేది ఆ వెలుతురులోనే కదా. అట్లా తీసినవాటిలో నాకు ప్రాణమైనది మా అన్న ఫోటో. వడ్డేపల్లి దిక్కు విత్తన పత్తి చేనులో అన్న కూలికి పోయినప్పుడు తీశాను. తలకు తువ్వాల, మొఖమంతా చెమట, ఎండకు ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మా అన్న అంటే అదే.

ఆ మరుసటేడు పుణెలో బిల్డింగు పనికి పోయి, పైనుంచి పడి చనిపోయాడు. వేరే ఫోటో ఏదీ సరిగ్గా లేదు. దినాలకు ముందు ఆ ఫోటోనే పెద్దది చేసి తెలకపల్లిలో ఉన్న వదినకు తీసుకుపోయాను. ఆమె చాలాసేపు చూసింది.

"గిదేంది? ఎండలనే నిలవెట్టినవు. బతికినన్ని దినాలు ఎండలనే ఉండె. సచ్చినంక గూడ గోడ మీద గట్లనే ఉండాల్నా? అందరికి ఏస్తరు గద, జర కోటెయ్యి."

అన్ని రోజులు నేను గొప్పగా చెప్పుకున్న వెలుతురు ఆమెకు ఒట్టి ఎండ.

పాత ఓనరుకు ఫోన్ చేసి అదే కోటు తెప్పించుకున్నాను. తువ్వాల తీసేసి జుట్టు పెట్టాను, చెమట తుడిచేశాను. మూసుకున్న కన్ను మాత్రం తెరవడానికి రాలేదు, కుడి కన్ను తిప్పి పెట్టినా నప్పలేదు. అట్లాంటప్పుడు తోడబుట్టినవాళ్ల కన్ను తెచ్చి అతికించడం మా పనిలో మామూలే. లైటు ముందు కూర్చుని నా కన్ను నేనే ఫోటో తీసుకుని అతికించాను. అన్న పోయిన కబురు విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వదిన మాత్రం కొంగుతో అద్దం తుడిచి, బాగుందని గోడకు తగిలించింది.

అప్పుడు వదిన చంకలో ఉన్న అన్న బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. మొన్న నేను పోయినప్పుడు ఫోటో కింద నిలబడి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"చిన్నాయనా, మా నాయిన గూడ నీ లెక్కనే సూస్తుండెనా?"

వదిన చాట పట్టుకుని వాకిట్లోకి పోయింది.

"ఔ బిడ్డా" అన్నాను. ఎండకు కన్ను మూసుకునే మా అన్న ఆ ఇంట్లో ఇక లేడు.