సిద్ధమ్మత్త చూసిన రంగు

మా అత్త సిద్ధమ్మకు చదువు రాదు, గడియారం చూడడం రాదు, ఎదుటివాళ్ళు చెప్పేది వినడం అసలే రాదు. బెల్లం పాకం చూడడం మాత్రం మా పాకాల ఊరి చుట్టుపక్కల ఆమెకు వచ్చినట్టు ఎవరికీ రాదు. మామ పోయిన ఏడు, సిద్ధమ్మ ఇంక చెరకు గానుగ మూసేస్తుందని ఊరంతా అనుకుంటుంటే, ఆమె కొంగు బిగించి పాకం కాచే పెద్ద కొప్పెర ముందు నిలబడిందట. అంతవరకూ అది మగవాళ్ళ పని. రెండేళ్ళు తిరిగేసరికి ఆ మగవాళ్ళే వచ్చి, "వదినా, మా కొప్పెర కాడికి ఒకసారి వచ్చిపోదువు రా" అని పిలవసాగారు.

ఆమె పద్ధతి ఒకటే. పాకం రంగు తిరిగేదాకా ఆగకూడదు.

"రంగు కండ్లకు కనపడిందంటే అప్పటికే మాడినట్టు. మంట మీద నుంచి దించినాక గూడా అది ఉడుకుతానే ఉంటాది. తిరగబోతా ఉండాది అనంగానే దించెయ్యల్ల" అనేది.

కొప్పెర మీదికి వంగి, నురగ చప్పుడు విని, "ఊఁ" అనేది. వెంటనే నలుగురు మగవాళ్ళు కొయ్యలు దూర్చి కొప్పెర దించేవాళ్ళు. అచ్చుల్లో నుంచి వచ్చిన బెల్లం పసుపు కొమ్ము రంగులో ఉండేది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ "ఊఁ" వింటే నాకు నవ్వొచ్చేది. నాలుగు నెలలయ్యాక నేనూ అందరిలాగే ఆ "ఊఁ" కోసం ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

డెబ్బై ఏడులో నా మొదటి కాన్పు. గానుగ ఆడే రోజుల్లో అత్త సాయంత్రం ఇంటికి రాగానే, ఆకులో చుట్టి తెచ్చిన వెచ్చటి బెల్లం నా చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. బిడ్డకు బలమట. నెలలు నిండి మగబిడ్డ పుట్టాడు. నాలుగున్నర కిలోలైనా ఉంటాడని మంత్రసాని అంది. ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులు చేసి, వీపు మీద చరిచి, చివరికి గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళందరిదీ ఒకటే పాట: "మూడు నెల్ల బిడ్డ మాదిరి ఉండాడే తల్లీ." ఆ మాట అన్నవాళ్ళతో నేను ఏడాదిపాటు మాట్లాడలేదు. నా కోపం తొందరగా పోయే రకం కాదు.

డెబ్బై తొమ్మిదిలో, వినాయక చవితి వెళ్ళిన నెలకు మళ్ళీ నెల తప్పింది. ఐదో నెలలో మా ఆయన సుబ్రమణ్యం, ఈసారి తిరుపతిలో చూపిద్దామని నసుగుతూ వాళ్ళమ్మను అడిగాడు. అత్త అప్పటికే బస్సు వేళ కనుక్కుని, మూట కట్టుకుని ఉంది.

రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ కింద చిన్న ఆసుపత్రి అది. డాక్టరు పంకజాక్షి గారు మొదటి బిడ్డ బరువు అడిగారు. చెప్పగానే రాస్తున్న కలం ఆపారు. మా అమ్మకు చక్కెర జబ్బు ఉందా అని అడిగారు. తెలియదు, కాలి వేలి పుండు మానకుండానే పోయిందని చెప్పాను. మూత్రం పరీక్ష చేశారు, నెత్తురు తీసి చూశారు.

"ఖాయంగా ఉందని చెప్పలేను, లేదని కూడా చెప్పలేను. అంచు మీద ఉంది. కొంతమందికి కడుపుతో ఉన్నప్పుడే వచ్చి, కాన్పు కాగానే పోతుంది. కానీ ఉన్నన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉండాలి. చక్కెర పెరిగితే బిడ్డ లోపల మరీ లావెక్కుతుంది. ఆఖరి నెలలో ఉన్నట్టుండి..." అని, నా ముఖం చూసి ఆపేశారు.

మిగతాది నాకు తెలుసు. అత్తకూ తెలుసు. ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

నెలకొకసారి వస్తే చాలదు, రోజూ ఇంటి దగ్గరే చూసుకోవాలని చెప్పి, డాక్టరు ఒక సీసా నీలం మందు, ఒక గాజు గొట్టం, చిన్న స్పిరిట్ దీపం ఇచ్చారు. గొట్టంలో మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, దీపం మీద మరిగించాలి. మరగడం మొదలయ్యాక రెండు నిమిషాలు మంట మీదే ఉంచాలి. నీలంగానే ఉంటే భయం లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం చక్కెర ఉన్నట్టు, పసుపైతే ఎక్కువ. ఇటుక రంగుకు తిరిగితే ఉన్నపళాన బయల్దేరి రావాలి. నేను ఎనిమిదో తరగతి చదివినదాన్ని, నాకు బాగానే అర్థమైంది. కానీ గొట్టాన్ని నన్ను తాకనిస్తేగా మా అత్త.

"నిప్పు కాడ పని నాది. నువ్వు కూసో" అంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో బెల్లం మాయమైంది. ఉన్న దిమ్మలన్నీ గానుగ కొట్టంలో పెట్టి తాళం వేసింది. ఆమె బెల్లం వాసనతో ఇంట్లోకి రావడం కూడా మానేసి, గానుగ బావి దగ్గరే ఒళ్ళు కడుక్కుని, వేరే చీర కట్టుకుని వచ్చేది. వాసన చూసి నాకు నోరూరుతుందని ఆమె బాధ. నాకు కొలత గిన్నెతో ఒకే ఒక్క సంగటి ముద్ద, పక్కన ఆకుకూర. తిన్నాక గానుగ దాకా నడిపించి తీసుకొచ్చేది. తాను కూడా నాతోపాటు అదే గిన్నెతో కొలుచుకుని తినేది. ఎందుకత్తా నీకీ శిక్ష అంటే, "నేను రెండు ముద్దలు తింటా ఉంటే నువ్వు సూస్తా కూసుంటావా" అంది. ఏడో నెలలో పక్కింటి చంద్రకాంతమ్మ చలిమిడి చేసి తెస్తే, గడపలోనే నిలబెట్టి గిన్నె అందుకుని, తాను ఒక ముద్ద నోట్లో వేసుకుని, "పిల్ల తినినట్టే అనుకో" అని పంపేసింది. ఆ రోజు నాకు అత్త మీది కోపం దుత్త మీద చూపించక తప్పలేదు. ఒక గంగాళం సొట్ట పోయింది.

రోజూ మధ్యాహ్నం తిన్నాక ఆమె వంటింట్లో దీపం వెలిగించేది. గొట్టాన్ని పట్టకారుతో పట్టుకుని, కొప్పెర మీదికి వంగినట్టే వంగేది. బుడగలు లేచి గలగలమనగానే, "ఊఁ" అని దించేసేది. గుమ్మం వెలుతురులో పట్టి చూపించేది. నీలం. ఒక్కోరోజు, ఇంకొంచెం పట్టి చూస్తే ఆకుపచ్చ అనిపించే నీలం.

"రెండు నిమిషాలు ఉంచమన్నారు కదత్తా" అన్నాను మొదటి వారంలో.

"ఇరవై ఏండ్లుగా నిప్పు కాడ నిలబడింది నువ్వా, నేనా? దించినాక గూడా ఉడుకుతాది లే."

నేను మళ్ళీ అడగలేదు. ఈ సంగతి దాచి లాభం లేదు, చెప్పేస్తున్నాను. నాకూ నీలమే కావాలి. ఆ రంగు చూశాకే ఆ పూటకు నాకు నిద్ర పట్టేది. ఆరో నెలలో తిరుపతి వెళ్తే డాక్టరు ఫరవాలేదన్నారు. ఏడో నెలలో మాత్రం, రంగు బాగానే ఉంది కదా, గానుగ పని వదిలి ఎట్లా వెళ్తామని మానేశాం.

ఏప్రిల్లో, ఎనిమిదో నెలలో వెళ్ళాం. డాక్టరు నా పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. టేపు పెట్టి కొలిచారు. మూత్రం తీసుకుని తన ఎదురుగానే మరిగించమని నర్సుకు చెప్పారు. గొట్టంలోది పచ్చగా మారి, పసుపు తిరిగి, చూస్తుండగానే ఇటుక పొడి కలిపినట్టయింది.

అత్త నా వైపు తిరిగింది.

"ఏం తిన్నావు మ్మే? నాకు తెలీకుండా ఏం తిన్నావు?"

"ఉగాది రోజు ఒక నువ్వులుండ" అన్నాను. అది నిజమే. అంతకు మించి ఏమీ లేదని ప్రమాణం చేసినా నమ్మేట్టు లేదామె.

"ఒక్క ఉండకు ఇట్లా కాదమ్మా" అని డాక్టరు గొట్టం కడిగి, మందు పోసి అత్త చేతికిచ్చారు. "మీరు ఇంట్లో ఎట్లా చేస్తారో చేసి చూపించండి."

అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని వంగింది. ఎనిమిది చుక్కలు వేసింది. దీపం మీద పెట్టింది. బుడగలు లేచాయి. "ఊఁ" అని దించింది. నీలం, అంచున కొంచెం ఆకుపచ్చ.

డాక్టరు అదే గొట్టాన్ని మళ్ళీ మంట మీద పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. రెండు నిమిషాలంటే అంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. అది ఇటుక రంగుకు తిరిగింది.

"దించేసినాక ఇది ఉడకదమ్మా" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అత్త తర్వాత చాలాసార్లు అంది.

నన్ను ఆ పూటే ఆసుపత్రిలో ఉంచేశారు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది. వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్న అత్త దగ్గరికి నేనే వెళ్ళాను. ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"మొదటోన్ని గూడా నేనే సంపినానా, శకుంతలా? ఈ సేతుల్తోనే గదా దినామూ బెల్లం తినిపించింది."

మూడేళ్ళుగా ఎవరి మీద పెట్టాలో తెలియక మోస్తున్న కోపం నాది. పెట్టడానికి ఇప్పుడొక మనిషి దొరికింది. పెట్టాలనే అనిపించింది కూడా. కానీ ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని, నాకంటే ముందు తనే ఆ మాట అనేసుకుంది.

"వాడు కడుపులో ఉన్నప్పుడు మనకెవరికీ తెలీదత్తా. ఇప్పుడు తెలిసి గూడా రెండు నిమిషాలని నేను గట్టిగా అడగలేదు. నీలం కావాలని నేనూ నోరు మూసుకున్నాను" అన్నాను.

ఆమె నమ్మినట్టు కనిపించలేదు. కానీ పక్కకు జరిగి, నాకు బల్ల మీద చోటిచ్చింది.

గానుగ అప్పటికింకా ఆడుతూనే ఉంది. ఎవరెవరో మనుషుల్ని పంపి, సిద్ధమ్మ లేకపోతే పాకం చెడిపోతోంది, ఒక్క రోజు వచ్చిపొమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. ఆ ఏడు మా బెల్లం నల్లగా దిగిందని మా ఆయన చెబితే, "దిగనీలే" అంది. గడియారంలో చిన్న ముల్లు, పెద్ద ముల్లు ఏవో నర్సు సంతోషమ్మ దగ్గర నేర్చుకుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, పిల్లలు ఎక్కాలు చదివినట్టు గోడ వైపు చూస్తూ గొణుక్కునేది. రోజూ మరిగించేది నర్సే అయినా, పక్కన నిలబడి నిమిషాలు చెప్పేది అత్తే. ఇటుక రంగు పసుపైంది. పసుపు ఆకుపచ్చ అయింది. మే నెల వచ్చేసరికి నిజమైన నీలం చూశాం. అయినా ఆఖరి రోజుల దాకా ఆగడం మంచిది కాదని, నెలలు నిండడానికి రెండు వారాల ముందే ఆపరేషన్ చేయాలని డాక్టరు నిర్ణయించారు.

పొద్దున పది గంటలకు ఆడబిడ్డ పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు నాకు వినపడింది, తలుపు బయట అత్తకు కూడా వినపడిందట.

గంట గడిచాక నన్ను మంచం మీదికి మార్చి బిడ్డను పక్కన పెట్టారు. కాసేపటికి దాని చేతులు అదురుతున్నాయని నేనే చూశాను. గడ్డం కూడా వణుకుతోంది. ఏడుపు ఆగిపోయి, పిల్ల మెత్తబడిపోయింది. నేను పెట్టిన కేకకు డాక్టరు పరుగున వచ్చి, దాని మడమ నుంచి నెత్తురు చుక్క తీసి చూశారు.

"లోపలున్నన్నాళ్ళూ తల్లి నెత్తురులో చక్కెర దండిగా అందింది. బొడ్డు కోయగానే ఆగిపోయింది. ఒంట్లో ఉన్నదంతా ఖర్చయిపోయింది బిడ్డకు. దీనికి ఇప్పుడు వెంటనే చక్కెర కావాలి. నేను సెలైన్ సిద్ధం చేసేలోపల గ్లూకోజు నీళ్ళు చుక్కలు చుక్కలుగా నోట్లో పోస్తూ ఉండాలి" అని, సంతోషమ్మకు చెప్పి లోపలికి వెళ్ళారు.

సంతోషమ్మ ఉగ్గుగిన్నెలో గ్లూకోజు కలిపింది. బిడ్డను ఎత్తి, మంచం పక్కన కూర్చున్న అత్త ఒళ్ళో పెట్టి, గిన్నె చేతికివ్వబోయింది. "పట్టుకోండమ్మా, నేను డాక్టరమ్మకు సూది అందించల్ల."

అత్త రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"నా సేత్తో వద్దు. తీపి నా సేత్తో వద్దు. ఇంకెవురన్నా పొయ్యండి."

ఒళ్ళో బిడ్డ అదురుతూనే ఉంది. ఆపరేషన్ కుట్లతో నేను పక్కకు కూడా తిరగలేను. మూడేళ్ళుగా నాలో ఉన్న కోపం ఇంకా ఎక్కడైనా మిగిలుంటే, అది ఆ క్షణాన కనిపించాలి. వెతికాను, కనిపించలేదు. నాకు కావలసిందల్లా ఆ పిల్ల బతకడం, అది ఆమె చేతిమీదుగా బతకడం.

"అత్తా, నువ్వే పొయ్యి" అన్నాను.

"శకుంతలా..."

"నీ చేత్తోనే పొయ్యి. నా బిడ్డ నోట్లో నీ చేత్తోనే పొయ్యి."

ఆమె గిన్నె అందుకుంది. మొదటి చుక్క పెదవి మీద నుంచి గడ్డం మీదికి జారిపోయింది. రెండోది కూడా అంతే. మూడో చుక్కకు బిడ్డ నాలుక కదిలించింది. అత్త ఏడుస్తూనే నాలుగోది పోసింది.