డైలు తిరిగొచ్చాక

మాబున్నీని మీరు చూసినా గుర్తుపెట్టుకునేవాళ్లు కారు. పెనుకొండ స్టేషన్లో పొద్దున ప్యాసింజరు కోసం నిలబడే ఆడవాళ్లలో ఒకామె, అంతే. నోరు విప్పితే మాత్రం మర్చిపోవడం కష్టం. హిందూపురం బొమ్మల ఫ్యాక్టరీలో నేను స్టోరు చూసేవాణ్ణి, ఆమె ప్యాకింగు చూసేది. ఏ పెట్టెలోనైనా నాసిరకం ముక్క ఒకటి బయటికి పోయిందంటే ఆ రోజు నా చెవులకు పండగే.

మావి పిల్లలు రెండు రోజులు ఆడి పారేసే బొమ్మలు కావు. రైలింజను, లారీ, ఓడ. అసలు వాటి ప్రతి కొలతనూ లెక్క ప్రకారం తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలుగా పోతపోసి, కిట్ అని పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లం. కొన్నవాళ్లు ఆ ముక్కల్ని ఒక్కొక్కటే అతికించుకుంటూ కూర్చోవాలి. పెళ్లయి పిల్లలున్న మగవాళ్లే ఎక్కువ కొనేవాళ్లు, అదేం సరదానో! ఏదైనా ముక్కకు ముక్క సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే అంతా దండగే. ఆ ముక్కల్ని పోతపోసే ఉక్కు అచ్చునే మేం డై అంటాం.

తొంభై ఏడులో మా ఓనరు రంగనాథ శెట్టి ఆ డైలన్నింటినీ ఓడెక్కించి చైనా పంపించాడు. అక్కడ పోతపోయించడం చవకట. ఇక్కడ నాకు మిగిలింది గోడౌను, మాబున్నీకి మిగిలింది ఇల్లు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. అదే ప్యాసింజరు ఎక్కింది, కాకపోతే ఈసారి అటువైపు, ధర్మవరానికి.

అక్కడ పట్టుచీరల వెనక వేలాడే పోగుల్ని కత్తిరించి సాపు చేసే పని ఉంటుంది. సిద్ధమ్మ ఆ పనిలో ఆరితేరిన మనిషి. కత్తెర ఎలా పట్టాలో కూడా తెలియని మాబున్నీని పక్కన కూర్చోబెట్టుకుని, తన పనిలోంచే సగం తీసిచ్చి నేర్పింది. నేతలో ఎక్కడైనా పోగు జారితే సిద్ధమ్మ సూదితో ఎంత నేర్పుగా సర్దేదంటే, నేసినవాడికే తన తప్పు ఎక్కడుందో దొరికేది కాదు. షావుకార్లు ఆమె చేతిని తెగ మెచ్చుకునేవాళ్లు.

ఇక చైనా నుంచి వచ్చిన కిట్ల సంగతి. మొదట్లో బాగానే ఉన్నాయి. రాను రాను చక్రం ఇరుసుకు ఎక్కదు, తలుపు గుమ్మంలో పట్టదు. కొన్నవాళ్లు తిట్టిపోశారు. రెండు వేల నాలుగులో శెట్టి డైలన్నీ వెనక్కి తెప్పించాడు. "మన ఊళ్లో, మన చేతుల్తో" అంటూ గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. మళ్లీ ప్యాకింగుకు వచ్చిన మాబున్నీతో సహా మేమంతా చప్పట్లు కొట్టాం. హిందూపురం గాలి తగలగానే సరుకు దానంతటదే బాగుపడుతుందని మా నమ్మకం కాబోలు.

డైలు అరిగిపోయి వచ్చాయి. రెండు సగాలు కలిసేచోట అంచులు మొండివయ్యాయి. ఆ సందులోంచి కరిగిన ప్లాస్టిక్ కారి, ప్రతి ముక్క అంచునా పల్చటి పొరలా గడ్డకట్టేది. అది చూడగానే మాబున్నీకి సిద్ధమ్మ గుర్తొచ్చింది. ధర్మవరం వెళ్లి ఆమెనూ, ఇంకో ముగ్గురినీ బతిమాలి పిలుచుకొచ్చింది. బ్లేడుతో పొరను గీకడం వాళ్లకు ఒక పనే కాదు. వాళ్ల బల్ల మీద నుంచి వచ్చిన ముక్క అద్దంలా ఉండేది. వచ్చినవాళ్లందరికీ శెట్టి ఆ ముక్కలే చూపించి మురిసిపోయేవాడు. డైలు చూసుకునే ఫిట్టరు పాపన్న కూడా గీకిన ముక్కలే చూసి, డైలకేం రోగం లేదని నిశ్చింతగా బీడీ కాల్చుకునేవాడు.

బెంగళూరు డీలరుకు మొదటి లోడు సిద్ధమవుతోంది. పాత అలవాటు కొద్దీ మాబున్నీ ఒక పెట్టె విప్పి ఇంజను అతికించడానికి కూర్చుంది. బాయిలరు రెండు సగాలూ కలవలేదు. మధ్యలో గోరు దూరేంత సందు. ఇంకో పెట్టెలోంచి కుడి సగం తీసి పెట్టింది, కలిసింది. మూడోదాంట్లోది పెట్టింది, మళ్లీ సందు. అప్పుడు ఆమెకు సంగతి అర్థమైంది. ఎవరి చెయ్యి వాళ్లది. ఒకామె పొరతో ఆపుతుంది, ఇంకొకామె నునుపు కోసం ముక్కను కూడా కాస్త గీకుతుంది. చీరకైతే ఏ బాధా లేదు, ఏ చీర అందం దానిదే. ఇక్కడ ఒకామె గీకిన సగం ఇంకొకామె గీకిన సగంతో కలవాలి.

మాబున్నీ లేచి బల్ల మీది బ్లేడులన్నీ ఏరి, తన టిఫిన్ డబ్బాలో వేసి మూత పెట్టేసింది. శెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తాండావు మాబున్నీ? లోడు పోవాల!"

"పోకూడదు సార్. డై అరిగిపోయుండాది. మేం గీకి గీకి దాన్ని దాస్తాండాం."

"ఈ ఆర్డరు తప్పితే డైలు మల్లా ఓడెక్కుతాయి. ఇంగ ఫ్యాక్టరీ ఉండదు."

"ఈ సరుకు పోతే ఇంగా తొందరగా ఎక్కుతాయి. నన్ను తీసేస్తే తీసేయండి, డబ్బా మాత్రం ఇయ్యను."

తీసేస్తాడనే అనుకున్నాను. మాబున్నీ ఇంకా ఎవరూ గీకని ముక్కలు రెండు తెచ్చి పాపన్న చేతిలో పెట్టింది. పాపన్న బీడీ పారేశాడు. "అబ్బా! ఇంతుందా?" అన్నాడు. ఆ మాటతో శెట్టి దారికొచ్చాడు. డీలరుకు ఫోన్ చేసి గడువు అడిగాడు, చివాట్లు తిన్నాడు. పాపన్న డైలు విప్పి, అరిగిన అంచులకు వెల్డింగు పెట్టి, రెండు సగాలూ అతుక్కునేదాకా అరగదీశాడు. మళ్లీ పోతపోసిన బాయిలరు మీద మాబున్నీ గోరు ఎంత వెతికినా సందు దొరకలేదు. సరుకు వెళ్లింది, డీలరు మళ్లీ కావాలన్నాడు. డైలు హిందూపురంలోనే ఉండిపోయాయి.

గీకే బల్లకు మాత్రం పని పోయింది. మాబున్నీ శెట్టితో పోట్లాడి ఇద్దరికి చోటు సంపాదించింది. డై మళ్లీ అరుగుతుంది కదా, పొర మొదలైన రోజే కనిపెట్టి ఆ ముక్కను పాపన్నకు చూపించాలి. గీకకూడదు. అదీ పని. ఆ ఇద్దరిలో సిద్ధమ్మ ఉంటుందని అందరం అనుకున్నాం, మాబున్నీ కూడా.

కానీ సిద్ధమ్మ వేలికి ఏ కాస్త పొర తగిలినా గోటితో తీసేసి, ముక్కను మంచివాటిలో పెట్టేసేది. చెప్తే "సరేలేమ్మా" అనేది. మాటల్లో ఉండగానే మళ్లీ అదే పని. ఒక సాయంత్రం మాబున్నీ ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"నీ చెయ్యి ఊరుకోదక్కా. ఈ పనికి నిన్ను పెట్టుకోలేను."

సిద్ధమ్మ చీర కొంగు దులుపుకుని లేచింది. ఆమెను రైలెక్కించడానికి మాబున్నీతో పాటు నేనూ స్టేషనుకు వెళ్లాను. ధర్మవరం ప్యాసింజరు వచ్చాక, సిద్ధమ్మ కిటికీ పక్కన కూర్చుని అడిగింది.

"నీకు పని ల్యాకపోతే నా పనిలో సగమిచ్చినా. గుర్తుండాదా?"

"ఉండాదక్కా."

"తప్పు కనపడకుండా చేసేదే నాకొచ్చిన పని. దానికే ఊరంతా నన్ను మెచ్చుకునిరి. ఈ పొద్దు అదే తప్పంటావు."

రైలు కదిలింది. మాబున్నీ అక్కడే బెంచీ మీద కూలబడి, జనమంతా చూస్తుండగా భోరుమంది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. శెట్టికి నేను చెప్తాను, రేపే వెళ్లి ఆమెను పిలుచుకొద్దాం అన్నాను.

మాబున్నీ కళ్లు తుడుచుకుంది.

"వద్దన్నా. రేప్పొద్దున బాయిలరు కలవకపోతే మనమందరమూ అదే రైలెక్కాల."