నా వ్యాసం కింద ఇంకొకడి నంబరు

మీరు రాసిన మాట అవతలివాడి ఫోనులో ఎలా కనిపిస్తోందో ఎప్పుడైనా చూశారా? మీ ఫోనులో కాదు, మీ కంప్యూటరులోనూ కాదు. అవతలివాడి చేతిలో, వాడి కళ్ళ ముందు? నేను చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. రాసేవాడికి రాయడమే పని అనుకునే తరం మాది.

ఉద్యోగం చేసినంతకాలం విజయనగరంలో పిల్లలకు లెక్కలు చెప్పాను. సాయంత్రాలు మూఢనమ్మకాల మీద వాదించాను. మైకు దొరికితే మైకు ముందు, దొరక్కపోతే టీ కొట్టు ముందు, ఒకోసారి పెళ్ళి పందిట్లో పురోహితుడి ముందు. ఎదుటివాడు తడబడితే నాకు గెలిచినట్టుండేది. చివరికి నా గొంతే ఓడిపోయింది. ఇంక గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాక బ్లాగు మొదలుపెట్టాను.

దానికి రూపం ఇచ్చినవాడు మా బావమరిది. కొత్తవలసలో జిరాక్సు కొట్టు నడుపుతాడు. కంప్యూటరు అతనికి నాకంటే బాగా వచ్చు, నోరు అంతకంటే బాగా వచ్చు. మొదటిసారి నా బ్లాగు తెరిచి చూసి పెదవి విరిచాడు.

"ఇదేటి బావా? కూరా నారా లేకుండా వొట్టి అన్నం వడ్డించినట్టున్నాది. పక్కన నంజుకోడానికి ఏదో ఒకటుండాల గదా!"

"చదవడానికి వచ్చేవాడికి నంజుడెందుకురా?"

"నీ వ్యాసం గొంతు దిగాలంటే నంజుడు లేకపోతే ఎలగ?"

అలా వచ్చింది పక్కపట్టీ. ఎక్కడో ఉచితంగా దొరికిన డిజైను ఒకటి తెచ్చి అతికించాడు. తెర కుడివైపున నిలువుగా ఒక ఖాళీ చోటు, దానిలో విడ్జెట్లని పిలిచే చిన్న చిన్న పెట్టెలు. మౌస్‌తో పట్టుకుని పైకి కిందికి జరుపుకోవచ్చు. పైన వెతుకుడు పెట్టె, దాని కింద పాత వ్యాసాలు, ఆ కింద ఎక్కువమంది చదివినవి. ఒక వారమంతా మాకు అదే పని. అక్షరాలు పెద్దవి చేశాను, రంగు మార్చాను, నా ఫొటో పెట్టి మా ఆవిడ నవ్వితే తీసేశాను. ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా నేను అంత శ్రద్ధ పెట్టలేదు.

ఆ పట్టీలో నాకు బాగా నచ్చింది మాటల గుంపు. ఏ విషయం మీద ఎక్కువ వ్యాసాలు రాస్తే ఆ మాట అందులో అంత పెద్దదిగా కనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ గుంపులో ఒక మాట గుమ్మడికాయంత అయి కూర్చుంది. చిల్లంగి.

చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఎవరికైనా జబ్బు చేస్తే, గేదె చస్తే, ఆ వీధిలో తోడు లేని ఆడమనిషో ముసలాయనో చిల్లంగి పెట్టారంటారు. అనుమానం పడ్డ మనిషితో మాట్లాడరు, నిప్పు ఇవ్వరు, నీళ్ళు తీసుకోరు. అంతటితో ఆగితే ఆ మనిషి అదృష్టవంతురాలు. అందుకే దాని మీద అన్ని వ్యాసాలు రాశాను. ప్రతి వ్యాసం చివరా ఒకే వాక్యం పెట్టేవాణ్ణి: "మీ ఊళ్ళో ఎవరి మీదైనా ఇలాంటి అనుమానం వస్తే ఆలస్యం చేయకండి, తెలిసినవారికి వెంటనే ఫోన్ చేయండి." తెలిసినవారంటే నా మనసులో డాక్టరు, పోలీసు, మాలాంటి సంఘాలవాళ్ళు. అది విడమరిచి రాయాలని తోచలేదు.

పట్టీకి అట్టడుగున ఒక ప్రకటన పెట్టె ఉండేది. మేము పెట్టింది కాదు, ఆ ఉచిత డిజైనుతోపాటే వచ్చింది. నా కంప్యూటరులో అందులో ఎప్పుడు చూసినా భోగాపురం విమానాశ్రయం పక్కన ప్లాట్లు కనిపించేవి. కొననివాడికి ప్లాటు బొమ్మ వల్ల నష్టమేమిటని ఊరుకున్నాను.

ఒక ఉదయం కోటబొమ్మాళి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఆటో నడుపుకునే మనిషి. ఒకప్పుడు మూఢనమ్మకాల మీద నేను రాసిన చిన్న పుస్తకం వేసిన ప్రెస్సువాళ్ళను అడిగి నా నంబరు సంపాదించాడట.

"మేష్టారూ, మా అప్ప మీద సిల్లంగి అంటన్నారండి. మంగళారం మీ కాడికే తీసుకొస్తారంట. మీరే రమ్మన్నారంట గదా?"

"నేను రమ్మనడమేమిటి?"

"మీరు రాసిన దాని కిందే నంబరున్నాది గదండి. మా అప్ప మరిది ఆ నంబరుకి సేసినాడు. మనిషిని తెస్తే పరీక్ష సేసి తీసేస్తామన్నారంట. మీరు గాని కాదా ఏటండి?"

అప్ప అంటే అక్క అని తెలుసు, మిగతాది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను తన ఫోనులో కనిపిస్తున్నదానికి ఫొటో తీసి పంపించాడు. అప్పుడు చూశాను.

కంప్యూటరులో పక్కన నిలబడే పట్టీ ఫోనులో పక్కన ఉండదు. చోటు చాలక వ్యాసం కిందకు జారిపోతుంది. ఆ ఫొటోలో నా చివరి వాక్యం ఉంది: వెంటనే ఫోన్ చేయండి. పైనుండాల్సిన పెట్టెలన్నీ మూసుకుపోయి, ఆ వాక్యానికి ఆనుకునే ప్రకటన పెట్టె ఉంది. అందులో ప్లాట్లు లేవు. బొట్టు పెట్టుకుని గడ్డం పెంచిన ఒకడి బొమ్మ, "చిల్లంగి గుర్తింపు, నివారణ" అన్న అక్షరాలు, ఒక ఫోన్ నంబరు. నేను కేక వేసి పిలిచాను, వాడు పలికాడు. మధ్యలో ఒక గీత కూడా లేదు.

బావమరిదికి ఫోన్ చేస్తే కొట్టు మూసి బండి మీద వచ్చేశాడు. ఆ పెట్టె అక్షరాలను చూస్తుంది తప్ప అర్థాన్ని చూడదని చెప్పాడు. చిల్లంగి లేదని నేను ఎన్నిసార్లు రాస్తే, చిల్లంగి తీసేవాడిని అన్నిసార్లు తెచ్చి నా పక్కన కూర్చోబెడుతుంది. లేదు అన్న మాట దానికి వినబడదు. ఇంతకాలం నేను వాదించిన మనుషులకైనా ఆ మాట వినబడేది, ఒప్పుకోకపోయినా.

"తీసెయ్‌రా ముందు."

"తీద్దారనే సూస్తన్నాను బావా. విడ్జెట్ల వరసలో ఇది లేదు. డిజైను కోడులో ఎక్కడో దూరి ఉన్నాది."

మధ్యాహ్నం దాకా వెతికాడు. ఒక చోట తీస్తే ఇంకో చోట తేలింది. చివరికి ఆ డిజైను మొత్తం పీకి పారేస్తే పక్కపట్టీ, మాటల గుంపు, పాత వ్యాసాల వరస అన్నీ దానితోనే పోయాయి. మళ్ళీ వొట్టి అన్నమే మిగిలింది. ఆటో మనిషికి ఫోన్ చేసి, పేజీ మళ్ళీ తెరవమన్నాను.

"ఇప్పుడు లేదండి. గానీ మేష్టారూ, ఊళ్ళో ఎవులూ పేజీ తెరవరు. అందరి ఫోన్లలోనూ దాని ఫొటోయే తిరుగుతున్నాది."

ఫోనులోకి ఎక్కిన ఫొటోకు తీసివేసే మీట నా దగ్గర లేదు. పోనీ జరిగింది రాసి, ఆ నంబరు నాది కాదని బ్లాగులో పెడదామని కూర్చున్నాను. మొదటి వరుసలోనే చెయ్యి ఆగిపోయింది. ఈ పేజీలో పెట్టె పోయినా, నేను రాసినదాన్ని ఎత్తి పెట్టుకునే పేజీలు ఇంకా ఉన్నాయి, వాటికీ పెట్టెలున్నాయి. ఆ మాట రాస్తే మళ్ళీ వాడే వస్తాడు. ఆ మాట లేకుండా రాయడానికి ప్రయత్నించాను. 'ఆ అనుమానం', 'అలాంటి నమ్మకం' అంటూ రాశాను. చదువుకుంటే అది దేని గురించో నాకే తెలియలేదు. పొద్దుగూకాక పాము అనకూడదని పురుగు అనే మా అమ్మమ్మను నేను చిన్నప్పుడు ఏడిపించేవాణ్ణి. పేరెత్తితే వస్తుందని ఆవిడ భయం. ఇప్పుడు నేనూ ఒక మాట పేరెత్తడానికి భయపడుతున్నాను. పైగా నా భయానికి ఆధారం ఉంది.

ఆదివారం పాసింజరులో కోటబొమ్మాళిలో దిగాను. నాకు ఫోన్ చేసిన తమ్ముడు ఆటోతో స్టేషను దగ్గరే ఉన్నాడు. అతని అప్ప ఇల్లు చేల మధ్య చిన్న పల్లెలో. భర్త పోయాక అత్తింటివారి వరసలోనే చివరి గది ఆమెది. మరిది వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలు చాపుకుని. ఆ కాలు బాగా వాచి ఉంది. అలాంటి వాపు చిల్లంగి వల్ల కాదు, దోమ వల్ల వస్తుందని, ఆసుపత్రికి వెళ్ళాలని నా వ్యాసంలోనే రాశాను. అతను ఆ వ్యాసం చదివాడు. కింద దాకా చదివాడు, అదే వచ్చిన చిక్కు.

నలుగురూ చేరారు. అతను ఫోను నా ముందు పెట్టాడు.

"మేష్టారూ, ఇది మీరు రాసిందే గదా?"

"నేనే రాశాను."

"ఈ కిందిది?"

"అది నాది కాదు."

"మీ రాత కింద మీది కానిది ఎలగుంటాది? మీ మడిలో ఎవుడో వొచ్చి నారేసుకుపోతే మీకు తెల్దా?"

అందరూ నవ్వారు. నేను నిదానంగా చెప్పడం మొదలుపెట్టాను. అదొక పెట్టె. దాన్ని నేను పెట్టలేదు. ఎక్కడో ఉన్నవాళ్ళు నడుపుతారు, వాళ్ళెవరో నాకూ తెలియదు. నాకు కనిపించేది ఒకటి, మీకు కనిపించేది ఇంకొకటి. మనిషిని పసిగట్టి మారుతుంది. తీసేశాను గానీ అదింకా తిరుగుతూనే ఉంది.

చెబుతూండగానే నా మాటలు నా చెవికి తేడాగా వినబడ్డాయి. మరిది నన్ను పూర్తి చెయ్యనిచ్చాడు. తర్వాత తాపీగా అన్నాడు:

"అంటే, ఎవులో కనపడకుండా పెట్టేసినారు. మనిషిని బట్టి మారతాది. తీసినా పోదు. మరి దాన్నేటంటారు మేష్టారూ? మేం దాన్నే సిల్లంగి అంటాం."

ఈసారి నవ్వు వీధి చివరి దాకా పోయింది. నా జీవితంలో ఎన్నో వాదనలు చేశాను, ఇంత చక్కగా ఎవరూ నన్ను కట్టిపడెయ్యలేదు. జవాబు ఉంది. అది యంత్రమని, దానికి కారణం తెలుసునని, విప్పి చూపించవచ్చని చెప్పవచ్చు. కానీ నేను విప్పి చూడలేదు. మా బావమరిది కూడా మొత్తం విప్పలేక పీకేశాడు. ఇంక ఏ మొహంతో చెప్పను? కాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి రమ్మన్నాను, నేనే తీసుకెళ్తానన్నాను.

"ముందు దాన్ని పరీక్ష సేయించనియ్యండి. తరవాత కాలు సూద్దారి. లేదన్న మేష్టారే నంబరిచ్చినాడంటే ఉన్నట్టే గదా అని అంతకుముందు నమ్మనోళ్ళు కూడా నమ్మినారు ఊళ్ళో."

ఆ మాట దగ్గర నేను లేచి వచ్చేశాను.

ఆమె గది గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి పిలిచి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఇచ్చాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నేను తాగుతానో లేదో అని చూస్తున్నట్టు. తాగాను. వీధిలోవాళ్ళు చూస్తున్నారు. పట్నం మేష్టారు తాగితే ఏమిటి, తాగి రైలెక్కిపోతాడు అన్నట్టు చూస్తున్నారు.

"మంగళవారం వెళ్ళకమ్మా. పోలీసులకు చెబుదాం. పరీక్షలో వాడు ఏం తేలుస్తాడో తెలుసుగా?"

"తెలుసు బాబూ. ఎల్లకపోతే ఉన్నాదంటారు. ఎల్తే ఉన్నాదని వోడంటాడు."

తమ్ముడూ నేనూ పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడి ఆయన మర్యాదగానే విన్నాడు. ఇంకా ఏమీ జరగలేదు కదా అన్నాడు. ఒక కానిస్టేబుల్‌ని పంపి చెప్పిస్తానన్నాడు. చెప్పించాడు కూడా. కానీ కానిస్టేబుల్ వెళ్ళి చెప్పేది ఒక పూట మాట, ఆమె అక్కడ బతకాల్సింది రోజూ.

సోమవారం తమ్ముడు ఆమెను తన ఇంటికి తెచ్చుకున్నాడు. మంగళవారం పరీక్ష జరగలేదు. జరగక్కర్లేకపోయింది. పారిపోయిందంటే ఉన్నట్టే అని ఊరు తేల్చేసింది. ఆమె గదికి మరిది వాళ్ళు తాళం వేశారు. అతని కాలు అలాగే ఉందని విన్నాను. నేను పంపిన డాక్టరు చిరునామా అతను తీసుకోలేదు.

మొన్న కోటబొమ్మాళి వెళ్ళి ఆమెను చూశాను. తమ్ముడి ఇంటి ముందు చేటలో మినుములు చెరుగుతోంది. ఊళ్ళో అందరికీ అర్థమయ్యేలా మళ్ళీ ఒక వ్యాసం రాస్తాను, ఈసారి ఏ పెట్టె లేకుండా జాగ్రత్త పడతాను అన్నాను. ఆమె చెరగడం ఆపలేదు.

"రాసింది సాలు బాబూ. మీ రాత సదివి ఎవులూ మా ఇంటికి రాలేదు. ఫోన్లోకి మాత్రం అందరూ సూసినారు. మా ఈదిలో ఉన్నోళ్ళు ఎవులేనా ఒక్కళ్ళు, పట్టపగలు, మా గుమ్మంలోకొచ్చుంటే బాగున్ను."

దానికి నా దగ్గర విడ్జెట్ లేదు. నాది ఆమె వీధి కాదు. నేను రోజూ వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చున్నా లెక్కలోకి వచ్చేవాణ్ణి కాదు.

కాబట్టి భయపడుతూనే ఆ మాట పేరెత్తి, ఇది చదువుతున్న మీకే చెబుతున్నాను. మీ ఊళ్ళో, మీ వీధిలో ఇలాంటి పేరు పడ్డ మనిషి ఎవరో మీకు తెలుసు, తెలియదని నాతో అనకండి. ఈ వ్యాసాన్ని ఎవరికీ పంపకండి. ఫోను ఇంట్లో పెట్టి, రేపు పగలు, అందరూ చూస్తుండగా ఆ మనిషి ఇంటికి వెళ్ళండి. మంచినీళ్ళు అడిగి తాగండి. ఎల్లుండి మళ్ళీ వెళ్ళండి.