జ్ఞానప్రకాశం డాక్టరు అడిగేదొక్కటే

నంద్యాల డాక్టరు జ్ఞానప్రకాశానికి ఒక అలవాటుంది. ఎవరు ఎదురైనా “ఇంకేం మింగుతాండావ్?” అని అడగాల్సిందే. తలనొప్పికి బిళ్ల అడిగినా అదే, కాల్లో ముల్లు దిగి కుంటుతూ వచ్చినా అదే. ఒకసారి చర్చిలో పెళ్లికొడుకు ప్రమాణం చేయబోతుంటే ముందు వరసలోంచి అడిగేశాడు. పాస్టరు హడలిపోయి, “దగ్గుమందొకటే సార్!” అని తన సంగతి ఒప్పేసుకున్నాడు.

“ఇంటికి చుట్టాలొస్తే కాఫీ తాగుతారా అని అడగరు గదా!” అని భార్య లూదియా విసుక్కునేది.

“ఏం మింగి వచ్చినారో తెలీకుండా కాఫీ ఎట్ల ఇచ్చేది?”

డెబ్బయ్యెనిమిది వానాకాలంలో ఆళ్లగడ్డ నుంచి ప్రసన్నకుమారి టీచరు జలుబుతో వచ్చింది. మనసు దిగులుకని కర్నూలు డాక్టరిచ్చిన మాత్రలు కొన్నాళ్లుగా వేసుకుంటోంది. ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే “టీచరమ్మకు మతి చెడిందంట” అంటారని భయం. డాక్టరు గదికి తలుపు లేదు, తెర ఒక్కటే. బయట వరండా నిండా జనం. వాళ్లలో ఆమె హెడ్మాస్టరు నరసింహులు కూడా ఉన్నాడు.

“జలుబు బిళ్ల రాయండి సార్, చాలు.”

“రాస్తా. ఇంకేం మింగుతాండావ్?”

“ఏం లేదు సార్.”

“కషాయం? నాటుమందు? పక్కింటామె ఇచ్చిందేమన్నా?”

నిన్న రాత్రి పక్కింటామె ఇచ్చిన నిద్రమాత్ర గుర్తొచ్చి ఆమె తల దించుకుంది. డాక్టరు కలం కింద పెట్టాడు. వరండా అంతా దద్దరిల్లేలా గొంతెత్తాడు.

“సరే, నాది చెప్తా విను! పొద్దున బీపీకొకటి. రాత్రి మనసు దిగులుకొకటి. అది మొదలుపెట్టక ముందు లూదియా చేసిన గుత్తివంకాయ కూడా మట్టి మాదిరి ఉండేది!”

“మీ దిగులు కాదు, అందులో నేను ఉప్పెయ్యడం మరిచిపోయినా!” గదికి వెనకే ఉన్న ఇంట్లోంచి లూదియా కేకేసింది.

వరండా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య ప్రసన్నకుమారి గబగబా అనేసింది. “నేనూ దిగులుకే సార్. నిన్న నిద్రమాత్ర కూడా.”

డాక్టరు గొంతు ఒక్కసారిగా తగ్గింది. “చెప్పి మంచి పని చేసినావమ్మా. నీ మాత్రకూ ఈ జలుబు బిళ్లకూ పడదు, బీపీ ఎగురుతాది. నిద్రమాత్ర కలిస్తే మత్తెక్కి నల్లబోర్డుకు ఆనుకుని గురక పెడతావ్. జలుబు బిళ్లా నిద్రమాత్రా రెండూ వద్దు. దిగులు మాత్ర మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు. కర్నూలు డాక్టరుకు అన్నీ చెప్పు. జలుబుకు ఆవిరి పట్టు, చాలు.”

ఈయన అందరినీ ఒకే మాట ఎందుకడుగుతాడో ఆమెకప్పుడు అర్థమైంది. అందరినీ అదే అడిగితే ఏ ఒక్కరికీ తలవంపు ఉండదు.

ఆమె బయటికి రాగానే నరసింహులు లోపలికెళ్లాడు. తెర వెనక నుంచి డాక్టరు అదే ప్రశ్న వినబడింది. “సార్... రొంత చిన్నగా చెప్పొచ్చునా?” అన్నాడు హెడ్మాస్టరు.

ప్రసన్నకుమారి గడపలోనే ఆగింది. తెర వైపు ఒకసారి చూసి, బెంచీ మీది ముసలామె వైపు తిరిగి, బడిలో ఎక్కాలు చెప్పే గొంతుతో అడిగింది.

“అవ్వా, నీ మోకాళ్లు ఎట్లుండాయి?”

ఇంకేముంది! వరండాలో ప్రతి మోకాలూ మాట్లాడటం మొదలుపెట్టింది.