నేనడిగిన బెంచ్

హైటెక్ సిటీలో తలెత్తి చూస్తే నక్షత్రాలు కనిపించవు, క్రేన్ల మీది ఎర్ర లైట్లు కనిపిస్తాయి. అలాంటి చోట తొమ్మిదో అంతస్తులో కూర్చుని, ఎక్కడో కొండ మీదున్న పెద్ద టెలిస్కోపు వణక్కుండా చూసే సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. టెలిస్కోపు ఒక నక్షత్రం నుంచి ఇంకోదాని వైపు తిరిగి ఆగినప్పుడు కాసేపు వణుకుతుంది, గురి తప్పుతుంది. ఆ వణుకును సెన్సర్లతో పసిగట్టి, దానికి ఎదురుగా మోటార్లతో నెట్టించడం మా నలుగురి పని.

మా దగ్గరున్నది మనిషెత్తు నమూనా. దానికో లేజరు, ఎదురు గోడ మీద ఎర్ర చుక్క. క్లయింటు ముందు ఆ చుక్క నిలబడితే ప్రాజెక్టు నిలబడుతుంది, లేదంటే నలుగురం బెంచ్ మీదికి. బెంచ్ అంటే ప్రాజెక్టు లేనివాళ్లను ఖాళీగా కూర్చోబెట్టడం. కొన్నాళ్లు కూర్చోబెట్టి, మర్యాదగా రాజీనామా రాయమంటారు. ఆ మాట వింటేనే నాకు హడల్.

చుక్క నిలబడలేదు. మా సాఫ్ట్‌వేర్‌కు టెలిస్కోపు వణుకు తెలుసు గానీ, ఆఫీసు వణుకు తెలీదు. పై అంతస్తులో ఉద్యోగుల మనశ్శాంతి కోసమని రోజూ డాన్సు క్లాసు పెట్టారు. వాళ్ల మనశ్శాంతి మా నెత్తి మీద దూకేది. దీనికి మందు బరువైన రాతిబల్ల. మా పనిలో దాన్నీ బెంచ్ అనే అంటారు. నా ఖర్మ కాలి ఆఫీసు పోర్టల్లో అర్జీ పెట్టాను, మా టీముకు అర్జెంటుగా బెంచ్ కావాలని.

విరిగిన కుర్చీ మార్చమంటే ఏడాదిగా ఉలకని పోర్టల్, దీన్ని మధ్యాహ్నానికల్లా మంజూరు చేసింది. టీ తాగి వచ్చేసరికి నా కార్డుకు గేటు తెరుచుకోలేదు. అక్కడి సెక్యూరిటీ ఆయన శేరిలింగంపల్లి మనిషి. జాలిగా చూశాడు.

"మీరు బెంచ్ అంట గద సార్. ఇగ పైకి పోనియ్యొద్దన్నరు."

హెచ్ఆర్ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడది కాకినాడ వైపు, మాట మహా మెత్తన. "మీరే అడిగారు కదండీ. నోరు తెరిచి అడిగినవాళ్లు ఇంతవరకూ లేరండీ," అని మెచ్చుకుంది కూడా. నేనడిగింది బల్ల అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కార్డు పనిచేసింది, గ్రానైటు బల్లా వచ్చింది. దాన్ని సెల్లారులో, బండనేల మీద వేయించాం. అక్కడ చుక్క మేకు కొట్టినట్టు నిలబడింది.

డెమో రోజు మా మేనేజరుకు ముందుజాగ్రత్త పట్టుకుంది. ఆయనది కడప. "టెలిస్కోపును తిప్పాకు. తిప్పితే కదుల్తాది గదప్పా," అన్నాడు. తిప్పి ఆపినప్పుడే కదా మా పనితనం కనిపించేదని మొత్తుకున్నాను. వింటేనా!

క్లయింటు వీడియోలో చూశాడు. చుక్క కదల్లేదు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. సాఫ్ట్‌వేర్ ఆపి చూపించమన్నాడు క్లయింటు. ఆపాను. అప్పుడూ కదల్లేదు. ఇంత మంచి బల్ల ఉండగా ఈ సాఫ్ట్‌వేర్ దేనికని అడిగాడు. ఒక్కసారి తిప్పి చూపిస్తానండీ అంటూ నేను లేచేలోపే, మేనేజరు ధన్యవాదాలు చెప్పి కాల్ కట్ చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. నలుగురినీ బెంచ్ మీదికి మార్చారు. కారణం అన్నచోట నా పాత అర్జీనే జతచేసి, ఉద్యోగి కోరిక మేరకు అని రాశారు.