నాలుగు పొక్కల ప్యాకింగ్

“పనికిరాదన్నడా? నా చేతి ప్యాకింగ్ పనికిరాదని జైపాల్ తన నోటితోనే అన్నడా? ఒక్కడే ఉన్నప్పుడా, పదిమంది ముందటనా?”

“షెడ్డుల అందరున్నరక్కా,” అంది కారు తీసుకొచ్చిన ప్రియదర్శిని, తప్పు తనదే అయినట్టు. “గాలి ఫిల్టర్లు పెడితే కారు గుంజుత లేదు. ఇప్పేస్తే మంచిగ ఉరుకుతున్నది. విజయక్క కటింగ్ల తేడా వచ్చింది, ఇగ నుంచి హైదరాబాదు మిషన్ కటింగే తెప్పిస్త అన్నడు.”

విజయ చేతిలో కత్తెర ఆగింది. ఇంజన్లో రెండు ఇనుప ముక్కల నడుమ గాలీ నూనే కారకుండా పెట్టే మందపు కాగితాన్ని మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. కొలత దొరకని ప్యాకింగ్ కావాలంటే కోరుట్ల విజయక్కను అడగమని పందొమ్మిదేళ్లుగా మూడు ఊళ్లలో చెప్పుకుంటున్నారు. జగిత్యాల బైపాస్ మీద జైపాల్ షెడ్డులో ఏం వాడితే కోరుట్ల, సిరిసిల్ల షెడ్లలోనూ అదే. అతను ఒక్కడు కాదంటే మూడు ఊళ్లూ కాదన్నట్టే.

“పోనియ్యి,” అంది అరుగు మీద బీడీలు చుడుతున్న అత్త నర్సక్క. “ఆకు కత్తిరించే చేతికి కార్ల పనెందుకని నేను ఎన్నడో అన్న.”

“ఎన్నడన్నవ్? గా పని పైసలతోని టీవీ ఇంట్లకచ్చిననాడు అననే లేదు.”

నర్సక్క పళ్లు లేని నోటితో నవ్వి, ఇంకో బీడీకి దారం చుట్టింది.

ఆకు కత్తిరించే చెయ్యన్నది అబద్ధం కాదు. పదకొండో ఏట విజయ తునికాకు పట్టింది. తడిపిన ఆకు మీద ఇనుప రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంట కత్తెర తిప్పాలి. కార్ఖానాలో నచ్చని బీడీలను ‘ఛాట్’ అంటూ పక్కకు తోసేవాళ్లు. ఎందుకు తోశారని అడిగే దిక్కు ఉండదు. మొదటి వారంలో రెండు కట్టలు ఛాట్ అయ్యాయి. ఆ పిల్ల ఏడవలేదు. తోసేసిన బీడీలన్నీ ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటే విప్పి, తప్పెక్కడుందో చూసుకుని, మళ్లీ చుట్టింది.

పెళ్లయి వచ్చేసరికి భర్త కొమురయ్య నీళ్ల ఇంజన్లు రిపేరు చేస్తుండేవాడు. ఓసారి ఇబ్రహీంపట్నం రైతు పసుపు చేను ఎండిపోతోందని ఇంజన్ ఎత్తుకొచ్చాడు. కొమురయ్య బ్లేడు పెట్టి కోసిన ప్యాకింగ్ మూడుసార్లు చిరిగింది. “ఇటు తే” అని విజయ పాత ముక్కను రేకులా పరిచి, బీడీ కత్తెరతో ఒక్క తిప్పున కోసిచ్చింది. ఇంజన్ నడిచింది. “గింత సాఫుగ ఎవలు కోసిన్రే?” అని రైతు అడిగితే కొమురయ్య “మిషన్” అన్నాడు. ఆ ఒక్క మాటకు విజయ మొగుణ్ని ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడు జైపాల్ కూడా మిషనే అంటున్నాడు. ఆమె ఫోన్ తీసింది.

“ఏం రా జైపాల్, నా కటింగ్ తప్పా?”

“కోపానికి రాకక్కా. గది విలాయతి బండి. రెండు కార్బొరేటర్లు. ఎంటికంత తేడా అచ్చినా ఊకోదు.”

“నువ్వు పంపిన పాత ముక్కనే మీద పెట్టి కోసిన.”

“గా పాతది నూనెకు ఉబ్బిందేమో మరి. ఫిల్టర్లు పక్కకు పెట్టి నడుపుకోమను, ఏం కాదు.”

“ఆమె నౌకరి సిరిసిల్లల. బట్ట నేసే సాంచాలు నడిచే గల్లీలల్ల ఎన్నడన్న గాలి పీల్చినవా? సిలిండర్ కొత్తగ బోరు కొట్టిన ఇంజన్ గా నూలు ధూళి మింగితే ఆర్నెల్లల్ల పొగ కక్కుతది.”

“మరి నన్నేం చెయ్యమంటవ్?”

“నువ్వేం చెయ్యకు. చేసింది సాలు.”

కారు గల్లీలోనే ఉంది. మీగడ రంగు, రెండు తలుపులు. ప్రియదర్శిని తాత మాధవ రావు కుర్రతనంలో మద్రాసులో కొన్నది. వెల్గటూర్‌లోని వాళ్ల దొరల గడిలో వడ్ల బస్తాల వెనక ముప్పై ఏళ్లు పడుండగా మనవరాలు బయటికి లాగించి, ఏడాది పాటు జైపాల్ దగ్గర బాగు చేయించింది. దానిలోనే సిరిసిల్ల కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పాలని ఆమె పట్టు.

విజయ బానెట్ లేపింది. ఇంజన్ పక్కన రెండు కార్బొరేటర్లు, ఒక్కోదాని మూతికి బిగించిన గుండ్రటి ఫిల్టర్ డబ్బా. డబ్బాకూ మూతికీ నడుమ ఆమె కోసిన ప్యాకింగ్. దానికి మధ్యలో గాలి పోయే పెద్ద పొక్క, అటూ ఇటూ బోల్టు పొక్కలు, పై అంచున మాత్రం కందిగింజంత చిన్న పొక్కలు రెండు.

“స్టార్ట్ చెయ్యున్రి మేడం. ఇప్పుడు తొక్కున్రి.”

నిలకడగా మోగుతున్న ఇంజన్ తొక్కేసరికి దగ్గి, కుంటుతూ వణికింది. విజయ తల వంచి వింది. “ఒక ఎద్దు గుంజుతున్నది, ఒక ఎద్దు పండుకున్నది,” అంది. అక్కడే ఆమెకు అనుమానం తగిలింది. రెండూ ఒకే కాగితంలో, ఒకే కత్తెరతో కోసినవి. తన కోతే తప్పయితే రెండెద్దులూ పడుకోవాలి కదా.

విజయ మొగుడి పానాల డబ్బా తెచ్చి, ముందున్న కార్బొరేటర్ మీది ఫిల్టర్ విప్పింది. ప్యాకింగ్ పొక్కలూ ఇనుము పొక్కలూ అద్దినట్టు కలిశాయి.

“ఇంకేంది, బండే ఛాట్,” అంది నర్సక్క అరుగు మీంచి.

వెనకది అంత తేలిక కాదు. అది గోడలాంటి రేకును ఆనుకుని ఉంది, చెయ్యి దూరదు. విజయ గాజులు తీసి ప్రియదర్శినికి ఇచ్చి మళ్లీ చెయ్యి పెట్టింది. పానా జారి వేళ్ల కణుపులు గీరుకుపోయాయి. రెండో బోల్టు కిందపడి చక్రం వెనక్కి దొర్లితే నేల మీద వెల్లకిలా పడుకుని తీసింది.

“రక్తమొస్తున్నదక్కా. జైపాల్ దగ్గరికే పోదాం, ఆయనే ఇప్పుతడు.”

“పోదురు గని. గిది ఇప్పినంక పోదురు.”

చివరికి ప్యాకింగ్ ఊడొచ్చింది. కోత సాఫుగానే ఉంది. దాన్ని ఎండకేసి వెనక్కి తిప్పి చూసింది. కింది అంచున, ఏమీ కోయని చోట, గుండ్రటి నూనె మచ్చలు రెండు అచ్చు పడ్డాయి. తను కొట్టిన చిన్న పొక్కలంతే పరిమాణం, అంతే ఎడం.

“చూసిన్రా? పొక్క ఉండాల్సిన కాడ కాగితమున్నది. తలకిందులు పెట్టిండు.”

“చిన్న పొక్కలే కద. గంత మాత్రానికే ఆగుతదా?”

విజయకూ తెలియదు. ఆమె కారు నడపలేదు, కార్బొరేటర్ గురించి చదవలేదు. తెలియనిది తెలుసుకునే పద్ధతి మాత్రం ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయించి, విప్పిన మూతిలోకి చూసింది. తొక్కినప్పుడల్లా లోపల పిస్టన్ పైకి లేస్తోంది. మూతి అంచున ఇనుములో ఉన్న చిన్న పొక్కలను రెండు వేళ్లతో మూసింది. పిస్టన్ లేవలేదు, ఇంజన్ దగ్గింది. వేళ్లు తీసింది, లేచింది. మళ్లీ మూసింది. మూడుసార్లు చేసి చూశాకే తల ఎత్తింది.

“గిది గీ పొక్కలతోని ఊపిరి పీలుస్తది మేడం. ముక్కు మూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది?”

“అయితే తప్పు జైపాల్‌దే!”

గంట క్రితం విజయ వినాలనుకున్న మాట అదే. ఇప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ప్యాకింగును బోల్టుల మీద ఒకసారి సరిగ్గా, ఒకసారి తలకిందులుగా పెట్టి చూసింది. ఎలా పెట్టినా కూర్చుంటోంది. ఆ ఇరుకులో కంటికి కనబడదు, చేతి అందాజాతో పెట్టాల్సిందే.

“పెట్టుడు వాని తప్పు. ఎట్ల పెట్టినా కూసునేటట్టు కోసి, ఏది మీద, ఏది కింద అని చెప్పకపోవుడు నాది.”

“ఒప్పుకున్నది!” అంది నర్సక్క. “ఇయ్యాల వాన పడ్తది.”

విజయ కొత్త కాగితం పరిచింది. గుర్తు పెడితే చాలు, కానీ గుర్తు చూసుకునే తీరిక షెడ్డులో ఎవరికుంటుంది? పై అంచున రెండు కొట్టి, కింది అంచునా రెండు కొట్టింది. ఏ దిక్కు పెట్టినా ఊపిరాడాలి. రెండు కోసింది, ఇంకో రెండు కోసి పక్కన పెట్టింది. ఫిల్టర్లు బిగించేసరికి ఎండ అరుగు దిగింది.

జగిత్యాల రోడ్డు మీద పరీక్షకు బయల్దేరితే విజయ ముందు సీట్లో కూర్చుంది. ప్రియదర్శిని తాతల గడి ముందు నుంచి నర్సక్క చెప్పులు చేతపట్టుకుని నడిచిన రోజులున్నాయి. విజయకు ఇప్పుడు ఆ ధ్యాస లేదు, చెవులు ఇంజన్ మీదే ఉన్నాయి. మిట్ట ఎక్కేటప్పుడు “తొక్కు” అంది. కారు దగ్గకుండా, కుంటకుండా ఎక్కేసింది.

“రెండు ఎడ్లు,” అంది విజయ.

ఇంటి ముందు దింపి ప్రియదర్శిని ఫోన్ తీసింది. “జైపాల్‌కు ఇప్పుడే చెప్త.”

“ఫోన్ల వద్దు బిడ్డా. వాడు ఫోన్ల అన్లేదు కద, షెడ్డుల అన్నడు. రేపు పొద్దున పదింటికి షెడ్డుకు పో, అందరుంటరు.”

“పోయి ఏం చెప్పాలె?”

“ఏం చెప్పకు. వాన్ని తిట్టకు. బానెట్ లేపి, ఫిల్టర్లు ఉండంగనే ఎక్సలేటర్ తొక్కి పట్టు. అందరు ఇనేదాక పట్టు. అయినంక గీ మిగిలిన రెండు ప్యాకింగులు వాని చేతిల పెట్టు. నాలుగు పొక్కలు ఎందుకు కొట్టిందని అడుగుతడు. నన్నే అడగమను.”